బాలి వెళ్తున్నారా? అసలైన సుంబా ఇకత్‌ను గుర్తుపట్టడం ఎలా?

బాలి దుకాణాల్లో గుర్రాలు, కోడిపుంజులు, పుర్రెల చెట్టు బొమ్మలతో దుప్పటంత పెద్ద బట్టలు వేలాడుతుంటాయి. వాటిని హింగి అంటారు. ఇవి ఇకత్, అంటే పోగులకు ముడులు కట్టి రంగు వేశాకే నేసే బట్టలు. తూర్పున ఉన్న సుంబా దీవిలో మగవాళ్లు జతగా వాడతారు: నడుముకు ఒకటి, భుజం మీద ఒకటి. బాలిలో అమ్మేవన్నీ అసలువి కావు.

ముందు బట్టను పూర్తిగా పరిచి చూపించమనండి. మధ్యలో నిలువునా కుట్టు ఉండాలి. నడుముకు కట్టుకుని నేసే మగ్గం మీద పెద్ద పన్నా రాదు కాబట్టి రెండు ముక్కలు నేసి కలుపుతారు. ఒక చివర బొమ్మలు రెండో చివర తలకిందులుగా ఉంటాయి, ఎందుకంటే పడుగును మడతపెట్టి ముడులు వేస్తారు. కుట్టే లేకపోతే చాలావరకు జావాలోని ట్రోసో ఊరి సరుకు. అదీ చేనేతే, బాగుంటే కొనుక్కోండి. సుంబా ధర మాత్రం పెట్టొద్దు.

తర్వాత ప్రింటేమో చూడాలి. పోచంపల్లి చిటికి చీరలు చూసిన కళ్లకు ఇది తేలిక: బొమ్మ అంచు గీత గీసినట్టు ఉండదు, కాస్త చెదురుతుంది. సుంబాలో పడుగుకే రంగు వేస్తారు కాబట్టి ఆ చెదురు నిలువునా సాగుతుంది. గోటితో ఒక పడుగు పోగును కొంచెం లేపండి. అడుగున కూడా అదే రంగుంటే ఇకత్. తెల్లగా ఉంటే ప్రింటు.

అసలు కష్టం రంగుల దగ్గరే. నీలం నీలిమందుది, ఎరుపు నోని వేరుది (మన తొగరు). ఎరుపు పట్టడానికి నూలుకు ముందు కెమిరి (క్యాండిల్‌నట్) గింజల నూనె, లోబా అనే చెట్టు ఆకు పట్టిస్తారు. ఆ ఆకులోని అల్యూమినియం మన అద్దకంలో పటిక చేసే పనే చేస్తుంది. ముదురు గోధుమరంగు వేరే రంగు కాదు, నీలం మీద ఎరుపు. అందుకే దాని అంచుల్లో ఎక్కడో ఒకచోట నీలమో ఎరుపో తొంగిచూస్తుంది. తడి కర్చీఫ్‌కు కొంచెం నీలం అంటినా టెన్షన్ పడకండి, నీలిమందు పోగుకు పైపైనే పడుతుంది. ఏ ఊరిది, ఎరుపు దేనితో వేశారు అని అడగండి. నెలల తరబడి సాగే పని ఇది. చవగ్గా ఇస్తూ "అంతా నేచురల్" అంటే నమ్మకండి.

ఇంటికి తెచ్చాక వాషింగ్ పౌడర్ తగలనివ్వకండి. చన్నీళ్లలో జాడించి, నీడలో ఆరేసి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత నూలుబట్టలో చుట్టి దాచండి.