నూడుల్స్ గంజి అయిపోకుండా

మొదటిసారి స్లో కుక్కర్‌లో (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) చికెన్, కొబ్బరిపాలు, సోయా సాస్, పీనట్ బటర్, రైస్ నూడుల్స్ అన్నీ ఒకేసారి పడేసి స్కూలుకి వెళ్లిపోయాను. సాయంత్రం మూత తీస్తే నూడుల్సే కనబడలేదు. గరిటెకి జిగురులా అంటుకుంది, కొబ్బరిపాలు విరిగి పైన నూనె తేలింది. అత్తయ్య ఒక ముద్ద తిని, "ఇంతకన్నా చోడి అంబలి నయం కదమ్మా" అన్నారు.

తప్పు నాదే. బియ్యపు నూడుల్స్‌కి అన్ని గంటల వేడి దేనికి? ఈసారి వాటిని వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, వార్చి, చివరి 10 నిమిషాలకి వేశాను. కొబ్బరిపాలూ అప్పుడే. విజయనగరం గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు ఎముకల్లేని తొడ ముక్కలు అడిగి తెచ్చాను. బ్రెస్ట్ అయితే పీచుపీచుగా ఎండిపోతుంది. కుక్కర్‌ని తక్కువ వేడి ("లో") మీద 5 గంటలు ఉంచాను. మూతలోంచి ఆవిరి పెద్దగా పోదు కాబట్టి నీళ్లు సగానికి తగ్గించాను. ఫిష్ సాస్ దొరకలేదు, సోయాతో సరిపెట్టాను. నిమ్మరసం, కొత్తిమీర ఆపేశాకే.

అత్తయ్య మారు వడ్డించుకున్నారు. పక్కన ఆవకాయ బద్ద మాత్రం మానలేదు.