లినక్స్‌లో ఇంటి నెట్ మరమ్మతు – 3వ పాఠం: వైఫై ఉంది, నెట్ లేదు

పోయిన పాఠంలో వైఫై కార్డు అసలు కనబడకపోతే ఏం చేయాలో చూశాం. ఇది అంతకంటే ఎక్కువగా వచ్చే తంటా. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఆ గుర్తు చెప్పేది ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య సంగతే. అందుకే ఇంట్లోంచి బయటికి ఒక్కో మజిలీ తట్టి చూసుకుంటూ పోవాలి. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాసినా, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్నక్షరాలతోనే కొట్టండి.

ముందు 'ఐపీ రూట్' (ip route). 'డిఫాల్ట్ వయా 192.168.1.1' లాంటి వరుస రావాలి. ఆ అంకెలే మీ రౌటర్ చిరునామా. వరుస లేకపోయినా, 'ఐపీ అడ్రస్' (ip address) కొడితే 169.254తో మొదలయ్యే నంబరు కనిపించినా, రౌటర్ మీకు చిరునామా ఇవ్వలేదని అర్థం. వైఫై ఆపి మళ్లీ కలపండి, కాకపోతే రౌటర్ స్విచ్ ఆపి అర నిమిషం ఆగి వేయండి. వెనకున్న సన్నరంధ్రంలో పిన్నీసు గుచ్చొద్దు. అది రీసెట్ బటన్. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతే కేబుల్ ఆయన వచ్చేదాకా కూర్చోవడమే.

తర్వాత 'పింగ్ 192.168.1.1' (ping), అంటే రౌటర్‌ను తట్టి జవాబు వస్తుందో చూడటం. మీ రౌటర్ అంకెలు వేరైతే అవే కొట్టండి. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కండి. జవాబు మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలో వచ్చేయాలి. వందలకు ఎగబాకుతున్నా, మధ్యలో ప్యాకెట్లు పోతున్నా తప్పు వైఫైదే. రౌటర్ కింద, మీరు మేడ మీద ఉంటే శ్లాబు అడ్డం. కిందికొచ్చి మళ్లీ చూడండి.

ఇక 'పింగ్ 8.8.8.8'. ఇది ఇంటి బయట గూగుల్ నడిపే డీఎన్ఎస్ (పేరును నంబరుగా మార్చే సేవ) చిరునామా. రౌటర్ పలికి ఇది పలకకపోతే లైనులో తేడా. ఫైబర్ పెట్టె మీద 'ఎల్ఓఎస్' (సిగ్నల్ పోయిందని చెప్పే) దీపం ఎర్రగా ఉంటే వెలుతురు ఇంటిదాకా రావడం లేదు. నెల్లూరు, ఒంగోలు వైపు నవంబరు వానల్లో స్తంభాల మీది తీగలపై కొమ్మలు పడటం మామూలే. అయినా ఫోన్ చేసే ముందు బీరువా వెనక సన్నటి ఫైబర్ మడత పడిందేమో చూడండి. మడత పడినా ఎరుపే వస్తుంది. ఊడదీస్తే దాని మొన వైపు కన్ను పెట్టకండి. దీపం ఎర్రగా లేకపోతే, రీఛార్జి అయిపోయిందేమో ముందు కనుక్కోండి.

8.8.8.8 పలుకుతోంది, పేరు కొడితే మాత్రం 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అంటోంది. అసలు చిక్కు ఇక్కడే. లైను బాగానే ఉంది, పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ పలకడం లేదు. 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' (resolvectl status) కొడితే ఏ డీఎన్ఎస్‌ను అడుగుతోందో కనబడుతుంది. ఉబుంటులో సెట్టింగ్స్, వైఫై, మీ నెట్‌వర్క్ పక్కన పళ్లచక్రం, ఐపీవీ4లోకి వెళ్లండి. డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆపి 1.1.1.1, 8.8.8.8 రాసి అప్లై నొక్కి, వైఫై ఆపి వేయండి. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. రౌటర్ ఐపీవీ6 డీఎన్ఎస్ కూడా ఇస్తుంటే పాతదే మళ్లీ దూరుతుంది. ఐపీవీ6లోనూ డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆపాలి. డీఎన్ఎస్ చిరునామా ఉండే /etc/resolv.conf ఫైల్‌లో 127.0.0.53 కనిపిస్తే కంగారు పడొద్దు, అది మీ యంత్రంలోని మధ్యవర్తే.

వచ్చే పాఠం, కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని వేలాడటం గురించి. ఈలోగా నెట్ బాగున్నప్పుడే 'ఐపీ రూట్' వరుస, రెండు పింగ్‌ల సమయాలు, ఫైబర్ పెట్టె మీద ఏ దీపం ఏ రంగో ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన అతికించండి.