ఆడియో క్యాప్చా మీద స్క్రీన్ రీడర్ మాట పడకుండా

వెబ్‌సైట్లలో ఐయామ్ నాట్ ఎ రోబోట్ దగ్గర ఆడియో క్యాప్చా (మనం మనుషులమేనా అని విని టైప్ చేయించే పరీక్ష) పెడితే, అందులో మాట, ఎన్‌వీడీఏ (కంప్యూటర్ తెర మీదున్నది చదివే స్క్రీన్ రీడర్) చదివే మాట ఒకేసారి వచ్చి రెండూ అర్థం కావు. మనలాంటి చూపు లేనివాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదీ.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ముందుగా ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) పట్టుకుని 2 నొక్కండి; కొత్త వెర్షన్లలో 'ఆఫ్' అని వినపడేదాకా నొక్కాలి. 'టైప్ చేసిన అక్షరాలు చదవడం' ఆగిపోతుంది. అసలు కిటుకు ఇదే. ఐయామ్ నాట్ ఎ రోబోట్ గడి టిక్ చేశాక బొమ్మల గళ్లు రాగానే బి (B) కీతో బటన్లు వెతుక్కుంటూ ఆడియో ఛాలెంజ్ బటన్ మీద ఎంటర్ కొట్టండి. ప్లే నొక్కిన వెంటనే కంట్రోల్ ఒక్కసారి నొక్కితే ఎన్‌వీడీఏ నోరు మూస్తుంది. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ప్లే చేసి, ఇ (E) కీతో ఎడిట్ బాక్స్‌ దగ్గరికి వెళ్లి, ఎంటర్ కొట్టి, వింటూనే టైప్ చేయండి. అయ్యాక మళ్లీ ఎన్‌వీడీఏ, 2 నొక్కడం మరవద్దు. మరిచిపోతే తర్వాత ఏ అక్షరం కొట్టామో వినపడక తప్పులు దొర్లుతాయి.

ఒక్క జాగ్రత్త: వరసగా చాలాసార్లు ఆడియో అడిగితే, మీ నెట్‌వర్క్ నుంచి ఆటోమేటిక్ రిక్వెస్టులు వస్తున్నాయని చెప్పి ఆడియో ఇవ్వడం ఆపేస్తుంది. అప్పుడు పట్టుబట్టి నొక్కకండి. వైఫై తీసేసి మొబైల్ డేటాతో ప్రయత్నించండి, లేదా కాసేపాగి చూడండి. ఆడియో బటనే లేని సైట్లలో మాత్రం ఇది పనిచేయదు.