వరి నూర్పిళ్లలో కంటికి దెబ్బ తగిలితే ఏం చేయాలి?

వరి ఆకు కంటిని గీసుకుంటుంది, లేదా గడ్డిపుల్ల ఎగిరొచ్చి తగులుతుంది. ఆ పూటకు కాస్త మంట, అంతే. కొద్ది రోజులకు నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ కనిపిస్తుంది. నల్లగుడ్డును కప్పి ఉండే గాజులాంటి పొరే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరే. ఆ పొర వాపును కెరటైటిస్ అంటారు. అది పుండై మానాక మిగిలే మచ్చనే మన పెద్దవాళ్లు ‘కంట్లో పువ్వు వేసింది’ అంటారు.

మొదట చేయాల్సింది: కన్ను నలపకండి. కాచి చల్లార్చిన నీటితో కడగండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే మాత్రం కడగకుండా, తాకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నాలుకతో నలక తీయించుకోవడం, చనుబాలు, ఆకు పసరు పోయడం దయచేసి వద్దు. గీత పడిన కార్నియాలోకి క్రిములను మనమే పంపినట్టవుతుంది.

తర్వాత, కళ్లకలకేనని సరిపెట్టుకోకండి. కళ్లకలకలో పుసులు కడితే కడతాయి గానీ చూపు సాధారణంగా తగ్గదు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే అదే రోజు కంటి డాక్టరును కలవండి.

ఎలా మొదలైందో గుర్తు తెచ్చుకుని చెప్పండి. వాపు రకం చాలావరకు అక్కడే తెలుస్తుంది. పచ్చిగడ్డి, పొట్టు తగిలితే ఫంగస్‌ను (బూజు జాతి క్రిమిని) అనుమానిస్తారు. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోతే బ్యాక్టీరియా, వాటిని కుళాయి నీటితో కడిగితే అకాంతమీబా అనే, నీటిలో ఉండే సూక్ష్మజీవి చేరవచ్చు. హెర్పిస్ వైరస్ కొమ్మలు చీలినట్టుండే పుండు వేసి, మానినా మళ్లీ తిరగబెడుతుంది. అన్నిటికీ క్రిములే కారణం కాదు: వెల్డింగ్ వెలుగు, పక్షవాతంతో మూతపడని రెప్ప, విటమిన్ ఎ లోపం కూడా కార్నియాను దెబ్బతీస్తాయి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలమందు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ అని ఉంటే అది స్టీరాయిడ్, అంటే వాపుతో పాటు క్రిములను ఎదిరించే ఒంటి శక్తినీ అణిచే మందు. వేసిన మర్నాటికి ఎరుపు తగ్గుతుంది, ప్రాణం తేలికపడుతుంది. లోపల ఫంగస్ మాత్రం అడ్డు లేక లోతుకు పాకుతుంది. ఇప్పటికే వేసి ఉంటే దాచకండి, ఆ సీసానే డాక్టరుకు చూపించండి.

అక్కడ కంటికి మత్తు చుక్కలు వేసి, పుండు అంచును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ అయితే తరచుగా రాసేది నాటమైసిన్. సీసాను ప్రతిసారీ బాగా కుదిపి వేయాలి. మొదటి రోజుల్లో గంటగంటకూ, ఒక్కోసారి రాత్రి కూడా లేచి వేయాల్సి వస్తుంది. వారాల తరబడి సాగే చికిత్స ఇది, ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకోండి.