మీ అభిమాన ఆటగాడు సరిగ్గా పనిచేయడం లేదా? ఇదిగో రిపేరు గైడు

టెన్నిస్, బాస్కెట్‌బాల్ కొన్నేళ్లు చూసినవాళ్లకి కింద రాసిన లక్షణాలన్నీ తెలిసినవే. కారణం దగ్గరే అందరూ పొరబడతారు, "పొగరు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పొగరు ఉంటుంది, కాదనను. కానీ మూత విప్పి చూస్తే చాలాసార్లు లోపల దొరికేది రూల్‌బుక్‌లో ఓ సందు, లేదంటే చీమ కుట్టినట్టు కూడా అనిపించని జరిమానా.

సమస్య: రాకెట్‌ని నేలకేసి బాదుతున్నాడు

కారణం: అత్త మీద కోపం దుత్త మీద. సింగిల్స్‌లో విసుక్కోవడానికి పక్కన జట్టువాడు ఉండడు, ప్రత్యర్థి నెట్ అవతల ఉంటాడు, అంపైర్ని ఏమన్నా అంటే పాయింటు పోవచ్చు, ఇక చేతిలో మిగిలింది రాకెట్టే. పైగా పెద్ద ఆటగాళ్లకి రాకెట్లు కంపెనీవాళ్లే ఇస్తారు. 2012 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వావ్రింకాతో ఆడుతూ బగ్దాటిస్ కుర్చీలో కూర్చునే వరసగా నాలుగు విరగ్గొట్టాడు, అందులో రెండింటికి ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. కొత్త సామాను కవర్ తీయకుండా వాడేవాళ్లని చూశాను గానీ, కవర్ తీయకుండా విరగ్గొట్టినవాణ్ణి అప్పుడే చూశాను.

పరిష్కారం: ఒక్కో తప్పుకీ శిక్ష పెంచుకుంటూ పోవడం. ఇది పనిచేస్తుంది, కాకపోతే వాళ్లు కూడా లెక్కపెట్టుకునే కోప్పడతారని గుర్తుంచుకోండి. 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మెకన్రోకి హెచ్చరిక అయింది, పాయింటు కోత అయింది, ఇంకా గేమ్ కోత అనే మెట్టు మిగిలే ఉందన్న ధీమాతో మరోసారి నోరు పారేసుకున్నాడు. ఆ మెట్టు అప్పటికే తీసేశారు, మూడోసారికి నేరుగా ఇంటికే. కోపంలో ఒళ్లు తెలియలేదంటే నేను నమ్మను, తెలిసే తిట్టాడు, కూడిక తప్పిందంతే.

జాగ్రత్త: కోపంలో బంతి జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. 2020 యూఎస్ ఓపెన్‌లో జోకోవిచ్ చూడకుండా వెనక్కి కొట్టిన బంతి లైన్ జడ్జి గొంతుకి తగిలింది. నంబర్ వన్ ఆటగాడు, ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడనివాడు, బ్యాగు సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. రాకెట్టే నయం.

సమస్య: బాత్రూమ్‌కి వెళ్లినవాడు తిరిగి రావడం లేదు

కడుపు బాగానే ఉంది, కంగారు పడకండి. ఊపు మీదున్న ప్రత్యర్థిని కోర్టులో ఒంటరిగా చల్లబడనివ్వడం అసలు ఉద్దేశం, అప్పట్లో ఇంతసేపే ఉండాలని గట్టి లెక్క లేకపోవడం దానికి దొరికిన సందు. 2021 యూఎస్ ఓపెన్‌లో సిట్సిపాస్ ఇలాగే వెళ్తే, ఓడిపోయిన మర్రే మర్నాడు, జెఫ్ బెజోస్ అంతరిక్షంలోకి వెళ్లడానికి పట్టిన టైముకి ఇది రెట్టింపు అని ట్వీట్ చేశాడు. మరుసటి ఏడాది మగవాళ్ల టెన్నిస్ నడిపే ఏటీపీ వాళ్లు లోపల మూడు నిమిషాలు, బట్టలు కూడా మార్చుకుంటే ఇంకో రెండు అని గడియారం పెట్టారు.

సమస్య: ఎవరూ ముట్టుకోకుండానే ఎగిరి పడుతున్నాడు

ఇది బాస్కెట్‌బాల్ మోడళ్లలో ఎక్కువ. ఎవరో తోసేసినట్టు పడితే ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి వేసే ఛాన్సు) వస్తోంది కాబట్టి పడుతున్నాడు. 2012లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి 5,000 డాలర్లు అంది. కోట్లలో జీతం తీసుకునేవాడికి అదొక లెక్కా! 2023-24 సీజన్ నుంచి మ్యాచ్‌లోనే, అక్కడికక్కడే, అవతలి జట్టుకి ఒక ఫ్రీ త్రో ఇస్తున్నారు. ఇది సరైన రిపేరు. పడేవాళ్లు ఇంకా పడుతూనే ఉన్నారనుకోండి, కాకపోతే నటన మెరుగుపరుచుకోవాల్సి వస్తోంది.

సమస్య: పక్కవాడి బూటు లేసు విప్పుతున్నాడు

అవును, విప్పుతున్నాడు. 2014 జనవరిలో జె.ఆర్. స్మిత్ ఫ్రీ త్రో కోసం అందరూ వరసగా నిలబడినప్పుడు వంగి ప్రత్యర్థి లేసు లాగాడు. వద్దని హెచ్చరిస్తే ఇంకో మ్యాచ్‌లో ఇంకొకడి లేసు దగ్గర మళ్లీ అదే పని. 50,000 డాలర్లు కట్టించారు. దీనికి కారణం వెతికి వెతికి నేను చేతులెత్తేశాను. పరిష్కారం: రెండు ముళ్లు వేసుకోండి.

సమస్య: రిఫరీ బయటికి పంపేశాడు

రషీద్ వాలెస్ 2000-01లో ఒక్క సీజన్లో 41 టెక్నికల్ ఫౌల్స్ (నోటిదురుసు లాంటివాటికి వేసేవి, ఒకే మ్యాచ్‌లో రెండు పడితే బయటికే) తెచ్చుకున్నాడు, అది రికార్డు. ఇప్పుడైతే 16కే ఒక మ్యాచ్ సస్పెన్షన్, దాంతోపాటు ఆ మ్యాచ్ జీతం కట్, కాబట్టి పదిహేను దగ్గరికొచ్చేసరికి చాలామందికి మౌనవ్రతం పడుతుంది.

కానీ ఆటగాణ్ణి విప్పే ముందు రిఫరీని కూడా ఒకసారి చెక్ చేయండి. 2007లో టిమ్ డంకన్, లీగ్ మొత్తంలో అంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడు, బెంచీ మీద కూర్చుని నవ్వాడని రిఫరీ జోయీ క్రాఫర్డ్ బయటికి పంపేశాడు. లీగ్ విచారించి ఆ సీజన్ మిగతా అంతా క్రాఫర్డ్‌నే పక్కన పెట్టింది. అంటే టీవీ బాగానే ఉంది, ప్లగ్గే ఊడింది.

సమస్య: కోర్టులో అంతా బాగుంది, ఇంటికెళ్లి ఫోన్ పట్టుకున్నాక పాడైంది

2017లో బాస్కెట్‌బాల్ స్టార్ కెవిన్ డ్యూరంట్ పాత జట్టుని ఎందుకు వదిలాడని ట్విట్టర్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అడిగితే, డ్యూరంట్ సొంత అకౌంట్ నుంచే "అతనికి ఆ కోచ్ కింద ఆడటం ఇష్టం లేదు" అన్న అర్థంలో జవాబు వచ్చింది. దొంగ అకౌంట్‌కి మారడం మర్చిపోయాడని జనం పట్టేశారు, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు పాపం, తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. అప్పటికే ఛాంపియన్, ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో అందరికన్నా మేటి ఆటగాడు). అయినా రాత్రిపూట కూర్చుని కామెంట్లు చదువుతున్నాడు.

జరిమానా లేదు, రూల్ లేదు, సందు మూయడానికి సందే లేదు. ఫోన్ దాచిపెట్టి చూడండి. ఇంకోటి కొనుక్కుంటాడు, డబ్బుంది.