ఆటో యాప్ మీద పీహెచ్‌డీ: సిద్ధాంతం, పద్ధతి ఎలా ఎంచుకోవాలి?

డిజిటల్ ఇన్నోవేషన్ మీద పీహెచ్‌డీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు ఓ సిద్ధాంతాన్ని పట్టుకుని, తర్వాత దానికి తగిన కంపెనీ కోసం వెతుకుతారు. ఈ వరస మార్చుకోండి. మీరు చదివే వస్తువు మీ థీసిస్ పూర్తయ్యేలోపే రూపం మార్చుకునే రకం. బెంగళూరులో ఆటో బుక్ చేసుకునే యాప్ నమ్మ యాత్రి 2022 నవంబరులో మొదలైంది. ప్రతి రైడ్‌లోనూ వాటా, అంటే కమిషన్, తీసుకోకపోవడమే దాని ప్రత్యేకత. కొన్నాళ్లకు డ్రైవర్ల దగ్గర చందా తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ర్యాపిడో, ఉబర్ కూడా ఆటోలకు చందా పద్ధతి తెచ్చాయి. 'కమిషన్ లేని యాప్‌ను డ్రైవర్లు ఎందుకు ఎంచుకుంటున్నారు?' అని మొదట్లో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసుకున్నవాళ్లకు ప్రశ్నే మిగల్లేదు. పైగా ఈ యాప్ రైడ్‌ల లెక్కలు బయట పెడుతుంది, దాని ప్రోగ్రామ్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. అందుకే ఇక్కడ దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

1. ఏ పొరను చదువుతున్నారో తేల్చుకోండి. యూ, హెన్‌ఫ్రిడ్‌సన్, లిటినెన్ అనే పరిశోధకులు 2010లో డిజిటల్ వస్తువును నాలుగు పొరలుగా విడదీశారు: పరికరం, నెట్‌వర్క్, సేవ, కంటెంట్. డ్రైవర్ ఫోను మొదటిది, డేటా సిగ్నల్ రెండోది, రైడ్ కుదిర్చే తీరు మూడోది, మ్యాపు, రేటింగులు నాలుగోది. ఒక పొరను పట్టుకుని, మిగతావాటితో దాని లంకె ఎక్కడో రాసుకోండి. 'యాప్ ప్రభావం' అన్నది ప్రశ్న కాదు. 'చందా వచ్చాక డ్రైవర్లు ఏ రైడ్‌లు వదిలేస్తున్నారు, ఆ నిర్ణయం ఎలా తీసుకుంటున్నారు?' అన్నది ప్రశ్న.

2. సిద్ధాంతానికి ఏది కనబడదో చూడండి. జనం కొత్త టెక్నాలజీని ఎందుకు ఒప్పుకుంటారో చెప్పడానికి డేవిస్ 1989లో ఇచ్చిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ రెండే అడుగుతుంది: ఉపయోగమా, వాడటం తేలికా? ఒకే ఫోనులో మూడు యాప్‌లు తెరిచి, ఏది ముందు మోగితే అది పట్టుకునే డ్రైవర్ దానికి దొరకడు. అయినా ఏటా ఆ మోడల్‌తో సర్వేలు వస్తూనే ఉన్నాయి, ప్రశ్నాపత్రం సిద్ధంగా దొరుకుతుంది కాబట్టి! రోజర్స్ 1962 నాటి వ్యాప్తి సిద్ధాంతం కొత్త వస్తువు ఎలా పాకుతుందో బాగా చెబుతుంది. కానీ పాకుతూ పాకుతూ వస్తువే మారిపోతే దాని పట్టు సడలుతుంది. యాప్ ఎవరికి ఏ పని చేసే వీలు కల్పిస్తోందన్నది మీ ప్రశ్నయితే అఫార్డెన్స్ సిద్ధాంతం నప్పుతుంది.

దీనికో పరీక్ష ఉంది. సిద్ధాంతాన్ని తీసేసి మీ ఇంటర్వ్యూ ప్రశ్నలు మళ్లీ చదవండి. ఒక్కటీ మారనక్కర్లేదనిపిస్తే ఆ సిద్ధాంతం థీసిస్‌లో దాన్ని వివరించే అధ్యాయానికి అలంకారమే.

3. పద్ధతి. 'ఎలా', 'ఎందుకు' అంటే కేస్ స్టడీ. 'ఎంత', 'ఎంతమంది' అంటే సర్వే. మీరే ఓ పనిముట్టు తయారుచేసి పరీక్షిస్తే డిజైన్ సైన్స్. మూడూ ఒకే థీసిస్‌లో కుక్కకండి. మన ఉదాహరణకు కాలాన్ని ముక్కలు చేసే పద్ధతి మేలు: చందాకు ముందు, చందా వచ్చాక, పోటీ యాప్‌లూ అదే దారి పట్టాక. ప్రతి ముక్కలోనూ అవే ప్రశ్నలు అడిగితేనే పోలిక నిలుస్తుంది.

4. వెర్షన్ల చిట్టా తొలిరోజు నుంచే పెట్టండి. తేదీ, వెర్షన్ నంబరు, తెర బొమ్మ, ఏం మారింది: నాలుగు గడుల స్ప్రెడ్‌షీట్ చాలు. ప్లే స్టోర్ తాజా మార్పుల వివరమే చూపిస్తుంది, పాతది తర్వాత వెతికితే ఉండదు. అంతకుముందువాటికి పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్, యాప్ కోడ్ ఉండే గిట్‌హబ్‌లోని మార్పుల చరిత్ర చూడాలి. 'అప్పట్లో గిరాకీ బాగుండేది' అని డ్రైవర్ అన్నప్పుడు ఆ 'అప్పట్లో' ఎప్పుడో తేల్చేది ఈ చిట్టానే.

5. ఇంటర్వ్యూలు. పొద్దుటి, సాయంత్రపు రద్దీలో స్టాండు దగ్గరకు వెళ్లకండి. మధ్యాహ్నం నీడన ఆటో ఆపుకున్నప్పుడు అరగంట దొరుకుతుంది. పోయిన సమయానికి డబ్బు ఇవ్వాలనుకుంటే ఎంతో ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పాలి. సమ్మతి పత్రం తెలుగులో మాత్రమే పట్టుకెళ్తే ఇబ్బందే: ఇంట్లో తెలుగు మాట్లాడినా కన్నడ మీడియంలో చదివినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. రెండు లిపుల్లోనూ ఉంచుకోండి, చదవలేనివారికి చదివి వినిపించి మాటల్లోనే సమ్మతి రికార్డు చేయండి. డ్రైవర్ చూపించే తెరలో ప్రయాణికుడి పేరు, ఎక్కిన చోటు ఉంటాయి. ఆ ప్రయాణికుడు మీకు ఒప్పుకోలు ఇవ్వలేదు, అక్కడికక్కడే చెరిపేయండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉన్నా అది షరతులతో కూడినది.

6. కోడింగ్. ఇక్కడ కోడింగ్ అంటే ప్రోగ్రామింగ్ కాదు, ఇంటర్వ్యూలోని మాటలకు అర్థాన్నిబట్టి చిన్న పేర్లు (కోడ్‌లు) పెట్టడం. గంట రికార్డింగును రాతలో పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది, తెలుగు, కన్నడ కలగలిస్తే ఇంకా ఎక్కువ. మాట్లాడిన భాషలోనే కోడ్ చేసి, థీసిస్‌లోకి వెళ్లే వాక్యాలనే ఇంగ్లిష్‌లోకి మార్చండి. మొదట వాళ్ల మాటల్లోనే కోడ్‌లు, తర్వాత మీ భావనలు, ఆపైన పెద్ద కోణాలు. రెండో అంచెలో మీ సిద్ధాంతంలోని పేర్లే అచ్చంగా వచ్చాయంటే డేటాను చదవలేదు, గడులు నింపారని అర్థం. ఇంటర్వ్యూలన్నీ అయ్యేదాకా ఆగకుండా మూడోది అవ్వగానే కోడింగ్ మొదలుపెట్టండి, ప్రశ్నలు సరిదిద్దుకునే వీలుంటుంది.

7. డేటా సేకరణ ముగింపు తేదీ సినాప్సిస్‌లోనే రాసి గైడ్‌తో సంతకం చేయించుకోండి. ఆ తర్వాత యాప్ ఏం మార్చినా అనుబంధంలో ఓ పేరా రాస్తే సరి, కొత్త ఇంటర్వ్యూలు వద్దు.