భయంగా ఉన్నా సరే, బుల్లి డ్రోన్ ఎగరేయడం నేర్చుకోవడం ఎలా?

డ్రోన్ చేతికి రాగానే చాలామంది చేసే పని ఏంటంటే డాబా ఎక్కి ఒక్కసారే పైకి లేపేయడం, అది కాస్తా గాలికి పక్కింటి కొబ్బరిచెట్టు వైపు కొట్టుకుపోవడం, ఇక ఆ రోజు నుంచి రిమోట్ ముట్టుకోవాలంటేనే గుండె దడ. నాకూ మొదట్లో వేళ్లు బిగుసుకుపోయేవి. ఆ భయం తగ్గడానికి నాకు పనికొచ్చింది ఒక్కటే, ఎగరేయడం కంటే ముందు దించడం నేర్చుకోవడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు దించేయగలను అని వేళ్లకి నమ్మకం కుదిరితే మిగతాది నిదానంగా వస్తుంది.

ముందు కొనే సంగతి. కెమెరా బాగుందా లేదా అని చూడకండి, రెక్కల చుట్టూ గార్డులు ఉన్నాయా, ఎత్తు తనంతట తనే పట్టి ఉంచే ఆల్టిట్యూడ్ హోల్డ్ ఉందా, ఈ రెండూ చూడండి. బరువు 250 గ్రాములు దాటకపోతే మన 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అది నానో కిందకి వస్తుంది, నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. స్పేర్ రెక్కలు ఒక సెట్టు, ఇంకో రెండు బ్యాటరీలు కూడా అప్పుడే కొనేయండి, ఎందుకంటే ఇలాంటి చిన్నవాటికి ఒక్కో బ్యాటరీ ఐదు నుంచి ఎనిమిది నిమిషాలే వస్తుంది, చెయ్యి కుదురుకునే టైముకి అయిపోతుంది.

మొదటి రోజు ఇంట్లోనే, హాల్లో. ఫ్యాన్ ఆపండి, పిల్లల్ని, కుక్కపిల్లల్ని పక్క గదిలో ఉంచండి. డ్రోన్ కింద చిన్న కెమెరా ఉండి నేలని చూసి నిలబడే రకమైతే మెరిసే టైల్స్ మీద అది తికమకపడి జారిపోతూ ఉంటుంది, కింద ఒక పూల దుప్పటి పరిస్తే చాలు, కుదురుగా నిలబడుతుంది. గోడకి దగ్గరగా మాత్రం ఎగరేయొద్దు, దాని గాలి గోడకి తగిలి తిరిగొచ్చి దాన్నే ఊపేస్తుంది. రెక్కలు మార్చి ఉంటే వాటి మీద ఉండే ఎ, బి అక్షరాలు సరిగ్గా చూసుకోండి, ఐమూలగా ఉన్న రెండూ ఒకే రకం ఉండాలి, తప్పు పెడితే లేవకుండా బోల్తా పడుతుంది.

డ్రోన్ తోక మీ వైపు, ముక్కు అవతలి వైపు ఉండేలా పెట్టి, మీరు వెనకాల రెండు మీటర్ల దూరంలో నిలబడండి. మామూలుగా వచ్చే రిమోట్లలో ఎడమ స్టిక్ పైకి కిందకి, ఇంకా ఉన్నచోటే తిప్పడానికి, కుడి స్టిక్ ముందుకి వెనక్కి పక్కలకి. లేపండి, మూడు లెక్కపెట్టండి, దించండి. అంతే, ఆ రోజుకి ఇంకేం వద్దు. ఒక బ్యాటరీ మొత్తం ఇలాగే ఖర్చు పెట్టండి. నేలకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు దాని గాలే దాన్ని ఊపుతుంది కాబట్టి భయపడి అక్కడే ఆగిపోకుండా ఛాతీ ఎత్తు దాకా తీసుకెళ్లండి, అక్కడ నిమ్మళంగా ఉంటుంది. దేనికైనా తగిలితే వెంటనే ఎడమ స్టిక్ పూర్తిగా కిందకి లాగేయాలి, ఇది చేతికి అలవాటవ్వాలి, లేదంటే రెక్క ఇరుక్కుని మోటార్ కాలిపోతుంది.

తర్వాత రెండు మూడు రోజులు ఒకే చోట నిలబెట్టడం, ఆ తర్వాత కుడి స్టిక్‌తో నేల మీద గీసిన నాలుగు మూలలకి వెళ్లి రావడం. స్టిక్ తోయడం కాదు, వేలితో తాకి వదిలేయడం, భయంగా ఉన్నవాళ్లు గట్టిగా తోసేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఇక అందరూ ఆగిపోయే చోటు, డ్రోన్ ముక్కు మీ వైపు తిరగడం. అప్పుడు కుడి ఎడమలు తారుమారు అవుతాయి, మీరు ఎడమకి అంటే అది మీ కుడికి పోతుంది. దీన్ని మనసులో లెక్కలు వేసి గుర్తుపెట్టుకోవడం కష్టం. నేను ఇలా నేర్చుకున్నాను, గెల వేసిన అరటిచెట్టు వాలితే వాలిన వైపే కదా ఊతకర్ర పెడతాం, డ్రోన్ మీ ఎదురుగా ముక్కు పెట్టి ఏ పక్కకి వాలుతుంటే స్టిక్ ఆ పక్కకే నెట్టండి, లేచి నిలబడుతుంది. రోజూ ఒక బ్యాటరీ దీనికే కేటాయించండి, తోక మీ వైపు ఉంచి నిలబెట్టి, కొంచెం పక్కకి తిప్పి, మళ్లీ వెనక్కి తెచ్చి, అలా అలా పూర్తిగా ఎదురు తిరిగేదాకా. హెడ్‌లెస్ మోడ్, అంటే ముక్కు ఎటున్నా మీరు స్టిక్ ఎటు తోస్తే అటే పోయే పద్ధతి, ఉంటే ఈ కష్టం ఉండదు కానీ దాంతో మొదలుపెట్టొద్దని నా మాట, అది లేని డ్రోన్ రేపు చేతికొస్తే మళ్లీ మొదటికే రావాలి.

బయటికి వెళ్లేముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో, అంటే అక్కడ ఎగరేయడానికి పర్మిషన్ కావాలో అక్కర్లేదో చూడండి. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపలైతే నేల దగ్గర్నుంచే పర్మిషన్ కావాలి. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి కాబట్టి మా కాలనీలో ఏముందిలే అనుకోకండి. తిరుమల కొండ మీద అస్సలు వద్దు.

పొద్దున ఆరు ఏడు గంటలకి, గాలి లేనప్పుడు, కోత అయిపోయిన పొలమో స్కూల్ గ్రౌండో చూసుకోండి. వేపాకు బాగా ఊగుతుంటే ఆ రోజు మానేయండి, తేలికపాటి డ్రోన్ గాలికి ఎదురొచ్చి వెనక్కి రాలేదు. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం ఉంటుంది, అప్పుడు వద్దు. గద్ద చుట్టూ తిరుగుతుంటే నెమ్మదిగా దించేయండి. దించేటప్పుడు నిట్టనిలువుగా వేగంగా దించితే తన గాలిలో తనే పడి ఊగిపోతుంది, కొంచెం ముందుకి కదుపుతూ దించండి.

దిగాక బ్యాటరీ వేడి తగ్గాకే ఛార్జింగ్ పెట్టండి, రాత్రంతా పెట్టి పడుకోవద్దు, ఉబ్బినదైతే ఇంకోసారి వాడొద్దు. ముక్కు మీ వైపు ఉంచి రెండు బ్యాటరీలు అయ్యేదాకా ఎక్కడా తగలకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పగలిగితే, అప్పుడు జీపీఎస్ ఉన్న పెద్దదాని గురించి ఆలోచించండి, కొనేముందు మాత్రం అది ఎక్కడ తయారైందో అడగండి, ఎందుకంటే 2022 ఫిబ్రవరిలో బయటి దేశాల నుంచి తయారైన డ్రోన్లు తెప్పించుకోవడాన్ని మన ప్రభుత్వం నిషేధించింది.